వేయి ముఖముల నటుడు

అభినయము నాలుగు విధములని మన పెద్దలు చెప్పిరి. అవయవముల కదలికచే భావమును తెలుపుట ఆంగికము. మాటచే తెలుపుట వాచికము. వేషముచే తెలుపుట ఆహార్యము. మనస్సులోని భావము కన్నీరుగను, గగుర్పాటుగను పైకి పొంగుట సాత్త్వికము. ఈ నాలుగింటిలో వాచికమును తీసివేసినచో నటునకు సగము బలము పోయినట్లేయని తోచును. కాని తెరమీది బొమ్మకు మాట రాని కాలమున, తక్కిన మూడింటితోనే లక్షలమందిని నవ్వించి, ఏడిపించి, భయపెట్టిన నటుడొకడు అమెరికా దేశమున నుండెను. అతని పేరు లాన్ ఛానీ. వేయి ముఖములవాడని అతనికి బిరుదు. ఆ విద్యను అతడు ఏ కళాశాలలోను నేర్వలేదు. మాట వినిపింపని యొక చిన్న ఇంటిలో, రోగముతో మంచమెక్కిన తల్లి యెదుట నిలిచి నేర్చెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో యను రాష్ట్రము కలదు. అందు రాకీ పర్వతముల పాదమున, పైక్స్ పీక్ అను మంచు శిఖరమునకు దాపున, కొలరాడో స్ప్రింగ్స్ అను పట్టణమున్నది. ఛానీ అచ్చట 1883వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన జన్మించెను. తల్లిదండ్రులు అతనికి లియొనిడస్ అని పేరు పెట్టిరి. అందరును లాన్ అని పిలిచెడివారు. తండ్రి ఫ్రాంక్ క్షురకవృత్తిచే కుటుంబమును పోషించుచుండెను. తల్లి పేరు ఎమ్మా. నలుగురు బిడ్డలలో లాన్ రెండవవాడు.

ఫ్రాంక్, ఎమ్మా లిరువురును బధిరులు. వారికి చెవులు వినబడవు. నోట మాట రాదు. ఎమ్మా తండ్రియగు జొనాథన్ కెన్నడీకి పుట్టిన పిల్లలలో మరి కొందరు కూడ బధిరులే. ఆ పిల్లల గతి యేమగునని ఆయన దిగులుపడుచు కూర్చుండలేదు. అట్టి పిల్లలకు చదువు చెప్పుటకై 1874లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఒక పాఠశాలను నెలకొల్పెను. తన బిడ్డలను కూడ అందు చేర్చెను. ఆ పాఠశాల నేటికిని బధిరులకును అంధులకును విద్య గరపుచున్నది.

లాన్‌కు చెవులు చక్కగా వినిపించును, మాటయు వచ్చును. కాని తల్లితోను తండ్రితోను మాటలాడవలెనన్న ఆ మాట పనికిరాదు. ఆకలి వేసినను, దెబ్బ తగిలినను, సంతోషము కలిగినను కేకవేసి ఫలము లేదు. ముందు తల్లి కంటబడవలెను. పిమ్మట చేతులతోను, వ్రేళ్ళతోను, కనుబొమలతోను చెప్పవలెను. కాబట్టి ఆ ఇంట పుట్టిన బిడ్డలకు నోటి భాషయు చేతి భాషయు ఒక్కసారియే అబ్బెను. వీధిలోని పిల్లలు కొందరు ఆ దంపతుల సైగలను చూచి నవ్వెడివారు. ఆ నవ్వు లాన్ మనస్సున ముల్లువలె నాటుకొనెను. తమవలె లేనివారిని చూచి లోకము ఎట్లు నవ్వునో అతడు చిన్ననాడే యెరిగెను.

లాన్ నాలుగవ తరగతి చదువుచున్న దినములలో ఎమ్మాకు కీళ్ళవాతము సోకెను. ఆమె మంచము పట్టెను. తండ్రి పనికి పోవలెను, ఇంట చిన్నబిడ్డలున్నారు. వారిని చూచుటకును, తల్లికి సపర్యలు చేయుటకును మరియొకరు లేరు. లాన్ బడి మానివేసెను. మరల ఏనాడును అతడు బడిలో చేరలేదు. ఆ బాలునకు అది చిన్న నష్టము కాదు.

తల్లి గది దాటి రాలేదు. ఆమెకు లోకమంతయు ఆ నాలుగు గోడలే. వీధిలో వినబడు చప్పుళ్ళు సైతము ఆమెకు లేవు. అందుచేత లాన్ దినదినమును ఊరిలో తాను చూచిన విశేషములను తల్లి మంచము నెదుట నిలిచి ఆడి చూపెడివాడు. అంగడివాడు బేరమాడిన తీరు, ముసలివాడు కర్ర పోటు వేయుచు నడచిన తీరు, ఎదురింటి యిల్లాలు కోపించిన తీరు, గుఱ్ఱము మొరాయించిన తీరు అన్నియు అతని దేహమున దిగివచ్చెడివి. ఒక్క మాటయు లేదు. తల్లికి అర్థమైనదో లేదో ఆమె కన్నులే చెప్పవలెను. అర్థము కానిచో మరల ఆడవలెను. మరింత స్పష్టముగా, మరింత క్లుప్తముగా ఆడవలెను. ఇట్లు కొన్ని సంవత్సరములు గడచెను. లోకములోని నటులు వేలమంది ప్రేక్షకుల యెదుట నేర్చుకొను విద్యను అతడు ఒకే యొక ప్రేక్షకురాలి యెదుట నేర్చుకొనెను.

కొంచెము పెద్దవాడైన పిమ్మట లాన్ అనేక పనులు చేసెను. పైక్స్ పీక్ శిఖరమును చూడవచ్చిన యాత్రికులకు త్రోవ చూపెను. ఇండ్లలో తివాచీలు పరచుట, గోడలకు రంగుకాగితములు అంటించుట నేర్చెను. అతని అన్న జాన్ ఊరిలోని నాటకశాలలో పనిచేయుచుండెను. లాన్ కూడ అచ్చట చేరి రంగస్థలముపై సామానులు సర్దుచు, తెరలు లాగుచు, వచ్చిన నటులను కన్నులార్పక చూచుచుండెను. 1902లో అన్నదమ్ములిరువురును కలిసి నాటకము వేసిరి. అటుపిమ్మట లాన్ ఊరూరు తిరుగు సంగీత నాటక సమాజములలో చేరెను. ఆ సమాజములలో నటుడనగా నటుడు మాత్రమే కాడు. అతడే తెరలు కట్టవలెను, అతడే పెట్టెలు మోయవలెను, అతడే నృత్యము కూర్చవలెను. డబ్బు వచ్చిన దినమున తిండి. రాని దినమున పస్తు.

ఈ తిరుగుడులో అతడు క్లీవా అను గాయనిని వివాహమాడెను. 1906లో వారికి క్రైటన్ అను కుమారుడు జన్మించెను. కాని ఆ దాంపత్యము సుఖముగా సాగలేదు. 1913లో ఆ కాపురమున పెద్ద కల్లోలము చెలరేగి పదుగురి నోట పడెను. భార్యాభర్తలు విడిపోయిరి. నాటక సమాజములలో లాన్‌కు చోటు దొరకుట కష్టమయ్యెను. చేత పని లేదు. ఏడేండ్ల కుమారుని దగ్గర నుంచుకొనుటకు ఇల్లు లేదు. బిడ్డను కొంతకాలము ఇతరుల పోషణలో ఉంచవలసి వచ్చెను. 1915లో అతడు హేజెల్ అను సాధ్విని పెండ్లాడి, ఇల్లు నిలుపుకొని, కుమారుని తిరిగి తెచ్చుకొనెను.

నాటకరంగము ద్వారము మూసికొన్నప్పుడు చలనచిత్రము ద్వారము తెరచెను. లాస్ ఏంజెలెస్ నగరము దాపున అప్పుడప్పుడే చిత్రశాలలు వెలయుచుండెను. నేడు మనము చూచు చిత్రములవలె ఆనాటి చిత్రములకు మాట లేదు. నటుల పెదవులు కదలును, శబ్దము రాదు. అవసరమైనచోట నడుమ నడుమ తెరమీద అక్షరములు కనబడును. వానినే మూకీలని మన పెద్దలు పిలిచెడివారు. పెద్ద గొంతుకతో రంగస్థలమును ఏలిన నటులెందరో ఆ మూగతెర మీద తేలిపోయిరి. లాన్ ఛానీకి మాత్రము అది కొత్త లోకము కాదు. అది తన తల్లి గదియే.

అతడు యూనివర్సల్ అను సంస్థలో చిన్న చిన్న వేషములు వేయసాగెను. చిల్లర వేషగాండ్రు ప్రతి దినము ఉదయమున చిత్రశాల వాకిట కాచుకొని యుండెడివారు. లాన్ తన వేషరచన పెట్టెను చంకను పెట్టుకొని వచ్చెడివాడు. నావికుడు కావలెనన్నచో క్షణములో నావికుడగును. ముసలివాడు కావలెనన్నచో ముసలివాడగును. ఇట్లు అయిదేండ్లలో లెక్కకు మించిన చిత్రములలో నటించెను. 1918లో జీతము పెంచుమని యడుగగా, వారమునకు నూరు డాలర్లకంటె అతడెన్నడును ఎక్కువ విలువ చేయడని పై అధికారి త్రోసిపుచ్చెనని చెప్పుదురు. లాన్ మారుమాటాడక ఆ సంస్థను విడిచెను. కొన్ని వారములు పని లేక గడిపెను. పట్టుదల మాత్రము సడలలేదు.

1919లో మహిమ గల మనుష్యుడు అను అర్థము వచ్చు ది మిరకిల్ మ్యాన్ అను చిత్రమునకు ఒక నటుడు కావలసి వచ్చెను. అందొక మోసగాడు అవిటివానివలె కాలుసేతులు మెలిపెట్టుకొని నేలపై ప్రాకును. పిమ్మట మహాత్ముని యెదుట అవయవములను ఒక్కటొక్కటిగా విప్పుకొనుచు లేచి నిలుచును. ఆ వేషమునకు సర్కసు మనిషి కావలెనని మొదట తలచిరి. లాన్ తన దేహమును త్రాడు మెలిపెట్టినట్లు మెలిపెట్టి చూపెను. ఆ చిత్రము గొప్ప విజయమును పొందెను. ఆ చిత్రములో నేడు కొన్ని నిమిషముల భాగము మాత్రమే మిగిలియున్నది. ఆ కొద్ది భాగమున అతడు విప్పుకొని లేచు ఘట్టము కలదు. అది చూచువారి వెన్ను నేటికిని జలదరించును.

మరుసటి యేట ది పెనాల్టీ అను చిత్రము వచ్చెను. వైద్యుని పొరపాటున బాల్యముననే రెండు కాళ్ళును పోగొట్టుకొని, లోకముపై పగబట్టిన దొంగల నాయకుని పాత్ర అది. లాన్ తన కాళ్ళను మోకాళ్ళకడ మడిచి వెనుకకు కట్టించుకొని, మోకాళ్ళను తోలు తొడుగులలో నిలిపి, వానిపై నడచెను, మెట్లెక్కెను, ఎత్తునుండి క్రిందికి దుమికెను. రక్తప్రసారము నిలిచిపోవుటచే కొన్ని నిమిషములకంటె ఎక్కువసేపు ఆ కట్లు ఉంచరాదు. విప్పి మర్దనము చేసి మరల కట్టెడివారు. ఆ బాధను అతడు ఎవరిచేతను చెప్పించుకొనలేదు, తాను చెప్పుకొనలేదు.

ఆహార్యమున అతనికి సాటివచ్చువారు ఆనాడు లేరు. నేటివలె వేషరచనకు వేరుగా నిపుణులు లేరు. తన ముఖమును తానే దిద్దుకొనవలెను. అతని సామగ్రి మిక్కిలి సామాన్యము. రంగుముద్దలు, ముక్కును మలచుటకు మెత్తని ముద్ద, దూది, చర్మమును బిగించు కొలోడియన్ అను జిగురుద్రవము, కృత్రిమ కేశములు. ఇవి యన్నియు ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోయెడివి. వానితో అతడు ముసలమ్మయగును, సముద్రపు దొంగయగును, భూతమగును. 1929లో వెలువడిన బ్రిటానికా విజ్ఞానసర్వస్వము పదునాలుగవ ముద్రణమున వేషరచనను గూర్చిన వ్యాసమును వ్రాయుటకు అతనినే కోరిరి. నాలుగవ తరగతితో బడి మానిన బాలుడు పండితులు చదువు గ్రంథమునకు వ్యాసకర్త యయ్యెను. ప్రేక్షకులలో ఒక వేళాకోళము కూడ పుట్టెను. నేలపై సాలీడు కనబడినచో త్రొక్కవద్దు, వేషము వేసికొన్న లాన్ ఛానీయేమో యని నవ్వుకొనెడివారు.

1923లో ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డేమ్ అను చిత్రము విడుదలయ్యెను. ఇది ఫ్రాన్సు దేశపు మహారచయిత విక్టర్ హ్యూగో 1831లో ప్రకటించిన నవల ననుసరించి తీసినది. పారిస్ నగరమునందలి నోటర్ డేమ్ అను మహాదేవాలయములో గంటలు మ్రోగించు గూనివాని కథ యిది. వాని పేరు క్వాసిమోడో. వాడు కురూపి, గంటల మ్రోతచే చెవులు పోయినవాడు. నగరమంతయు వానిని చూచి యేవగించుకొనును. నేరము మోపి, బహిరంగస్థలమున కట్టి, కొరడాలతో కొట్టుదురు. దాహముతో వాడు అలమటించుచుండగా జనులు నవ్వుదురు. అప్పుడు ఎస్మెరాల్డా యను బాలిక ముందుకు వచ్చి నీరు పోయును. ఆ చిన్న దయను వాడు ప్రాణమున్నంతవరకు మరువడు. తుదకు ఆమెను రక్షించుటలోనే ప్రాణము విడుచును.

ఈ చిత్రమును తీసినది, లాన్‌కు జీతము పెంచనిరాకరించిన యూనివర్సల్ సంస్థయే. అయిదేండ్ల క్రిందట పొమ్మన్నచోటికే అతడు అనేక రెట్లు హెచ్చు వేతనముతో నాయకుడై వచ్చెను. పారిస్ దేవాలయ ముఖద్వారమును చిత్రశాల ఆవరణలో కట్టించిరి. లాన్ ప్రతి దినము గంటలకొలది కూర్చుండి ముఖమును మార్చుకొనెడివాడు. వీపున బరువైన గూనిని కట్టుకొని, నిటారుగా నిలువ వీలులేని తొడుగుతో బిగించుకొని, దేవాలయ గోడలపై ప్రాకెను. ముఖము నిండ ముద్దలే. ఒక కన్ను మూసికొనియేయున్నది. అయినను దాహము తీరినప్పటి కృతజ్ఞత ఆ రెండవ కంటిలో వెలుగుట ప్రేక్షకులకు తెలిసెను. వినికిడి లేనివారిని చూచి జనులు నవ్వినప్పుడు వారి ముఖమెట్లుండునో అతనికి ఎవరును చెప్పనక్కరలేదు. కొలరాడో స్ప్రింగ్స్ వీధిలో అతడా ముఖమును చూచియుండెను.

మరుసటి సంవత్సరము, క్రొత్తగా నేర్పడిన మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థవారు తీసిన మొదటి చిత్రమున లాన్ ముఖ్యపాత్ర ధరించెను. చెంపదెబ్బలు తినువాడని దాని పేరునకు అర్థము. ఒక శాస్త్రజ్ఞుడు ఏండ్లతరబడి శ్రమించి కనిపెట్టిన విషయమును అతని పోషకుడే అపహరించి తనదని సభలో ప్రకటించును. శాస్త్రజ్ఞుడు ఎదిరింపగా చెంపపై కొట్టును. సభలోని పండితులందరును నవ్వుదురు. హృదయము పగిలిన ఆ పండితుడు సర్కసులో విదూషకుడై చేరి, రాత్రి రాత్రియు జనుల యెదుట చెంపదెబ్బలు తినుచు నవ్వించును. పైకి తెల్లని రంగు పూసిన నవ్వు ముఖము, లోపల కన్నీరు. ఈ రెండును ఒక్కసారి చూపవలెను. లాన్ చూపెను.

1925లో వచ్చిన ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా అను చిత్రము అతని పేరును లోకమంతట మారుమ్రోగించెను. పారిస్ సంగీతశాల క్రింది నేలమాళిగలలో ముఖమునకు ముసుగు వేసికొని దాగియుండు ఎరిక్ అను వికృతాకారుని కథ యిది. గాయనియగు క్రిస్టీన్ వాని ముసుగును వెనుకనుండి లాగివేయు ఘట్టము ప్రసిద్ధమైనది. ఆ ముసుగు క్రింది ముఖమెట్లుండునో చిత్రము విడుదలయగువరకు ఎవరికిని చూపలేదు. పుఱ్ఱెవంటి ఆ ముఖము తెరపై కనబడగానే ప్రేక్షకులు కేకలు వేసిరని చెప్పుదురు. ఆ చిత్రమునకై కట్టిన సంగీతశాల వేదిక 2014 వరకు నిలిచియుండెను. అయితే ఆ ఘట్టమును నిదానించి చూచినవారికి మరియొక విషయము తెలియును. ముసుగు తొలగినపుడు క్రిస్టీన్ భయపడినంతగా ఎరిక్ కూడ సిగ్గుతో నలిగిపోవును. భయము మన వంతు, దుఃఖము వానిది.

లాన్ ఛానీ గొప్పతనమంతయు ఇచ్చటనే యున్నది. వికృత వేషము వేయుట కష్టమైనను, శ్రమించినవాడు వేయవచ్చును. ఆ వేషము లోపల మనవంటి మనుష్యుడే యున్నాడని నమ్మించుట అందరివల్ల కాదు. అతడు ధరించిన దొంగలు, అవిటివారు, గూనివారు ప్రేమకు మొగమువాచినవారు. వారిని చూచి మొదట జంకిన ప్రేక్షకుడు తుదకు కంట తడి పెట్టుకొని యింటికి పోయెడివాడు. అతడు చైనా మొదలగు దేశములవారి వేషములు కూడ వేసెను. అది ఆనాటి చిత్రసీమలో ఆచారము. ఆయా దేశముల నటులకు అవకాశమీయక పరులు వారి వేషము వేయుట తగదని నేటి కాలము గ్రహించినది. అతని కాలమునందలి ఆ లోపమును దాచనక్కరలేదు.

వేషము లేని ముఖముతో కూడ అతడు రాణించెను. 1926లో నౌకాసైనికులను గూర్చిన చిత్రములో కటువైన మాటయు మెత్తని మనస్సును గల సార్జెంటుగా తన సహజమైన ముఖముతోనే నటించెను. అమెరికా నౌకాసైనిక దళమువారు అతని నటనను మెచ్చి తమ దళమున గౌరవ సభ్యునిగా చేర్చుకొనిరి. టాడ్ బ్రౌనింగ్ అను దర్శకుడు అతనితో పది చిత్రములు తీసెను. 1927లో వచ్చిన ది అన్‌నోన్ అను చిత్రమున అతనితో నటించిన జోన్ క్రాఫోర్డ్ అను యువతి తరువాత మహానటియయ్యెను. నటునకు ఏకాగ్రత యెంత ముఖ్యమో లాన్‌ను చూచియే నేర్చితినని ఆమె కృతజ్ఞతతో చెప్పుకొనెడిది.

ఇంతటి కీర్తి వచ్చినను అతడు ఆడంబరమును ఎరుగడు. విందులకు పోడు, పత్రికలవారికి సాధారణముగా కనబడడు. చిత్రమునకును చిత్రమునకును నడుమ లాన్ ఛానీ యనువాడు లేడని అతని యభిప్రాయము. ప్రేక్షకులు పాత్రను చూడవలెను గాని నటుని చూడరాదని అతడు తలచెడివాడు. తీరిక దొరకినపుడు భార్యతో సియెర్రా నెవాడా కొండలకు పోయి చేపలు పట్టుచు కాలము గడపెడివాడు. చిత్రశాలలోని కూలివారితోను, దీపములు మోయువారితోను స్నేహముగా మెలగెడివాడు. బోరిస్ కార్లాఫ్ అను నటుడు పేరులేని దినములలో ఒకనాడు పని ముగించుకొని కాలినడకను ఇంటికి పోవుచుండగా, లాన్ తన కారు ఆపి యెక్కించుకొనెను. ఇతరులు చేయలేని, చేయ నొల్లని పని యేదో అది వెదకి పట్టుకొమ్మని బోధించెను. 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రముచే లోకప్రసిద్ధుడైన కార్లాఫ్ ఆ మాటను జీవితాంతము తలచుకొనెడివాడు.

ఇంతలో కాలము మారెను. 1927 అక్టోబరులో ది జాజ్ సింగర్ అను చిత్రమున తెరమీది బొమ్మ మాటలాడెను, పాడెను. రెండు మూడేండ్లలో మూకీలు పోయి టాకీలు వచ్చెను. ఎందరో మహానటులు గొంతు సరిపడక మూలబడిరి. లాన్ ఛానీ వెంటనే మాటలాడుటకు అంగీకరింపలేదు. వేయి ముఖములవానికి ఒకే గొంతు ఉన్నదని లోకము అనుకొనినచో తన కళ అంతటితో ముగిసినట్లేయని అతని భయము. ముఖమును మార్చినట్లు కంఠమును కూడ మార్చగలనా యని చాలకాలము ఆలోచించెను.

తుదకు 1930లో సమ్మతించెను. 1925లో మూకీగా వచ్చిన ది అన్‌హోలీ త్రీ అను చిత్రమును మరల టాకీగా తీసిరి. పెదవులు కదల్పక వేరొకచోటినుండి మాట వచ్చినట్లు పలుకు విద్య నెరిగిన ఎకో అను మోసగాని పాత్ర అతనిది. వాడు ముసలమ్మ వేషము వేసి చిలుకలనమ్మును. చిలుకలు మాటలాడవు, వాని గొంతే చిలుక గొంతై పలుకును. ఈ చిత్రమున లాన్ ఎకోగను, ముసలమ్మగను, ఒక యువతిగను, ఆటబొమ్మగను, చిలుకగను అయిదు కంఠములతో పలికెను. ఆ అయిదును తన గొంతులే యని ప్రమాణపత్రముపై సంతకము చేసెను. వాచికము కూడ అతనికి వశమయ్యెను. నాలుగు అభినయములును పూర్తియయ్యెను.

కాని విధి వేరొక విధముగా నుండెను. అంతకు ముందు సంవత్సరమున రైలుబండి నడుపువాని కథయగు థండర్ అను చిత్రమునకై మంచు ప్రదేశమున పనిచేయుచుండగా అతనికి ఊపిరితిత్తుల జబ్బు చేసెను. అటుపిమ్మట అతని ఆరోగ్యము కుదుటపడలేదు. శ్వాసకోశమున పుట్టకురుపు పుట్టినదని వైద్యులు కనుగొనిరి. టాకీ చిత్రము 1930 జూలైలో విడుదలయ్యెను. జనులు అతని గొంతు విని ఆనందించుచుండిన ఆ దినములలోనే అతని గొంతునుండి రక్తము స్రవింపజొచ్చెను. మాట పడిపోయెను.

ఆసుపత్రిలో మంచముపై పరుండిన లాన్ ఛానీ మరల సైగల భాషకు వచ్చెను. తన కేమి కావలెనో, ఏమి బాధయో చేతులతోను కన్నులతోను తెలుపుకొనెను. నలువది యేండ్ల క్రిందట మంచము పట్టిన తల్లికి లోకమును చూపిన ఆ చేతులే, ఇప్పుడు మంచము పట్టిన అతని మాటలైనవి. 1930 ఆగస్టు 26వ తేదీన అతడు కన్నుమూసెను. అప్పటికి అతని వయస్సు నలువదియేడేండ్లు మాత్రమే. నౌకాసైనిక దళమువారు సైనికమర్యాదతో అంతిమ గౌరవమును సమర్పించిరి. అంత్యక్రియల వేళ చిత్రశాలలలో పని నిలిపివేసి మౌనము పాటించిరి. మౌనమునే భాషగా చేసికొన్నవానికి అంతకంటె తగిన నివాళి లేదు. గ్లెండేల్‌లో అతని సమాధిపై పేరు కూడ చెక్కలేదు.

అతడు నటించిన చిత్రములు 150కి పైబడియున్నవి. అందు చాలభాగము నశించిపోయెను. లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ అను ప్రసిద్ధ చిత్రపు చివరి ప్రతి 1965లో జరిగిన అగ్నిప్రమాదమున దగ్ధమైనదని తలచుచున్నారు. కుమారుడు నటుడగుట లాన్‌కు ఇష్టము లేదు. అయినను క్రైటన్ తండ్రి మరణానంతరము చిత్రములలో చేరి, తండ్రి పేరే ధరించి పేరు గడించెను. 1957లో లాన్ జీవితకథను చలనచిత్రముగా తీసిరి. 1994లో అమెరికా తపాలాశాఖవారు అతని బొమ్మతో తపాలాబిళ్ళను వెలువరించిరి. కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమువారు తమ నగర సభాభవనమందలి నాటకశాలకు అతని పేరు పెట్టిరి. అతని చిన్న వేషరచన పెట్టె లాస్ ఏంజెలెస్‌లోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు చేరినది.

బాలబాలికలారా! చదువు మానుకొనవలసి వచ్చుట ఎవరికిని కోరదగినది కాదు. తల్లి జబ్బు కోరదగినది కాదు. అట్టి కష్టము వచ్చినపుడు లాన్ ఛానీ దానిని ఋణముగా భావించి విసుగుకొనలేదు. తల్లికి ఒక గడియ సంతోషము కలిగింపవలెనని తలచెను. ఆ తలపునుండియే అతని కళ పుట్టెను. అతడు పిమ్మట ఎన్ని వికృతరూపములు ధరించినను, వాని లోపల మనుష్యుడున్నాడన్న సంగతిని మరువలేదు. మీ వీధిలో మాట రానివాడో, నడువలేనివాడో, రూపము చెడినవాడో కనబడినపుడు నవ్వు వచ్చినచో, క్షణము నిలిచి వాని కన్నులలోనికి చూడుడు. క్వాసిమోడోకు నీరు పోసిన బాలిక చేసినది అంతకంటె గొప్ప పని కాదు.